వాపూ, బలుపూ

వంకాయలు కొనడంలో మా సందులో నాకో పేరుంది. పేరంటే మరీ అంత మంచి పేరేం కాదు లెండి. పురానాపూల్ వంతెన మీద కూరగాయలమ్మే ఒకామె, నన్ను చూడగానే తట్ట కాస్త వెనక్కి లాక్కునేది. ఒక్కొక్క వంకాయా తీసి, తొడిమ చూసి, పుచ్చు రంధ్రం ఉందేమోనని తిప్పి చూసి, చేత్తో బరువు అంచనా కట్టి, ఆ తర్వాత గాని తక్కెట్లో వెయ్యను. "ఏందమ్మా, పిల్లను సూడవోయినట్టు సూస్తున్నవ్! వంకాయకు పుస్తె గడ్తవా ఏంది?" అని ఓసారి నలుగురిలోనూ అనేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే పుచ్చువి రెండు ఏరి పక్కన పెట్టాను.

మా ఇల్లు పురానాపూల్ దర్వాజాకి దగ్గర్లోనే. ఈ వంతెన 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కట్టించింది. హైదరాబాదు నగరం కంటే పెద్దది వయసులో. పక్కన కొత్త వంతెన వచ్చి బళ్లన్నీ అటు మళ్లాక, పాత వంతెన మీద ఏళ్ల తరబడి కూరగాయల బజారు నడిచింది. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ నా బేరాలన్నీ అక్కడే.

ఇంత బడాయి ఎందుకు చెప్పుకొచ్చానంటే, పావుకిలో వంకాయలకి పది నిమిషాలు తీసుకునే ఈ మహా ఇల్లాలు, ఒకప్పుడు పదిహేను వేల రూపాయల షేర్లు ఎంతసేపట్లో కొన్నదో తెలుసాండీ? సంతకం పెట్టినంత సేపట్లో. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు మా కోడలి సంగతి.

2021లో. కరోనా భయానికి అందరూ ఇళ్లల్లో కూర్చుని, ఏమీ తోచక, ఫోన్లలో షేర్ల ఖాతాలు తెరుస్తున్న రోజులు. అంతకు ముందు ఏడాదే మా కోడలు ఉద్యోగం మానేసింది. మానేసింది అనడం మర్యాద. వాళ్ల కంపెనీయే మూతపడింది. ప్రావిడెంటు ఫండు డబ్బు రెండు లక్షలు చేతికొచ్చింది. ఆ రెండు లక్షలూ తన సొంతం అని ఆ పిల్లకి ఎంత మురిపెమో. మావాడు "నీ ఇష్టం" అన్నాడు. మొగుడు నీ ఇష్టం అన్నాడంటే, తేడా వస్తే తప్పు నీదే అని అర్థం. అది నాకు తెలుసు, పాపం దానికింకా తెలీదు.

ఓరోజు పొద్దున్నే నా పక్కన చేరి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "అత్తయ్యా, ఒక కంపెనీ షేరు కొందామనుకుంటున్నానండీ. పద్దెనిమిది రూపాయలే. చాలా చవగ్గా ఉంది. రెండు లక్షలకీ పదకొండు వేల షేర్లు వస్తాయి" అంది.

"ఆ కంపెనీ ఏం చేస్తుందే?" అన్నాను.

"ఏదో కరెంటు సామానండీ. మా ఫ్రెండ్సు గ్రూపులో అందరూ కొన్నారు. ఏడాదిలో యాభై అవుతుందట."

నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. సరిగ్గా ఇవే మాటలు, ఇదే మెరుపు కళ్లల్లో. కాకపోతే అప్పుడు ఆ కళ్లు నావి.

"సరే, బజారుకి రా. దారిలో మాట్లాడుకుందాం" అన్నాను.

వంతెన మీద ఒకచోట టమాటాలు కుప్పలు పోసి, కుప్ప ఇరవై అంటున్నారు. పక్కనే ఇంకొకాయన కిలో ముప్ఫై అని తూచి ఇస్తున్నాడు. "ఏది చవకే?" అని అడిగాను. "కుప్ప" అని చటుక్కున అనబోయి ఆగింది. కుప్పలో ఎన్ని గ్రాములున్నాయో తెలియకుండా చవకెలా అంటుంది? ఆవిణ్ణి బతిమాలి కుప్పని తూయించాం. అరకిలో. అంటే కిలో నలభై పడ్డట్టు.

"నీ పద్దెనిమిది రూపాయల షేరు కుప్ప లెక్క. దాన్ని తూచావా?" అన్నాను.

ఇంటికొచ్చి తూకం వేశాం. తూకమంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదండీ. నాలుగో తరగతి భాగహారం. ఆ కంపెనీకి మొత్తం 100 కోట్ల షేర్లున్నాయి. ఒక్కోటి 18 రూపాయలంటే, కంపెనీ మొత్తాన్ని 1,800 కోట్లకి వెల కట్టినట్టు. ఏడాది లాభం చూస్తే 30 కోట్లు. అంటే షేరుకి ముప్ఫై పైసలు. ముప్ఫై పైసల లాభానికి పద్దెనిమిది రూపాయలు, అరవై రెట్లు. దీన్నే షేర్లవాళ్లు పీఈ అంటారు. అంటే లాభం ఇలాగే ఉంటే, అరవై ఏళ్ల లాభాన్ని ముందే లెక్కపెట్టి వాళ్ల చేతిలో పోస్తున్నామన్న మాట. అరవై ఏళ్లకి నేనెక్కడుంటానో చెప్పక్కర్లేదు, కోడలికే షష్టిపూర్తి దాటి ముప్ఫై ఏళ్లవుతుంది.

దాని పక్కనే ఇంకో కంపెనీ చూశాం. షేరు 900 రూపాయలు. "అమ్మో!" అంది కోడలు. ఆ కంపెనీకి షేర్లు 2 కోట్లే. దాని మొత్తం వెల కూడా 1,800 కోట్లే. లాభం మాత్రం 90 కోట్లు. షేరుకి 45 రూపాయల లాభం. అంటే ఇరవై రెట్లు. తొమ్మిది వందలది చవక, పద్దెనిమిదిది ప్రియం! కోడలు రెండుసార్లు లెక్క వేసుకుని, "ఇదేం చిత్రం అత్తయ్యా!" అని ముక్కు మీద వేలేసుకుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఎక్కువ రెట్లు పెట్టి కొన్నంత మాత్రాన ప్రతిసారీ తప్పనీ కాదు. ఎదిగే పిల్లకి పరికిణీ రెండంగుళాలు పొడుగ్గానే కుట్టిస్తాం. అలాగే లాభాలు ఏటా పెరిగే కంపెనీకి జనం కాస్త ఎక్కువే ఇస్తారు. కానీ పిల్ల నిజంగా ఎదుగుతోందా అని చూసుకోవద్దూ? పదేళ్ల లెక్కలు పక్కపక్కన పెట్టుకోవాలి. మంచి ఏళ్లు చూసి సంబరపడితే చాలదు. 2008లో ప్రపంచమంతా డబ్బుకి ముఖం వాచిన ఏడు ఎలా ఉందో, 2020లో తాళాలు పడ్డ నెలల్లో జీతాలిచ్చిందో లేదో చూడాలి. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరదొచ్చినప్పుడు అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన మూడూ తెగిపోయాయి. ఊరి రెండు ముక్కల్నీ కలిపి నిలిచింది మా ముసలి పురానాపూల్ ఒక్కటే. ఎండాకాలంలో చూస్తే నాలుగూ గట్టి వంతెనలే మరి.

ఇంతవరకూ నా పాఠం. ఆపైన పాఠం మావారిది. మావారు ఆడిట్ ఆఫీసులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. కూరలో ఉప్పు తక్కువైతే "వివరణ కోరడమైనది" అనే రకం. మా గొడవంతా వింటూ వింటూ, కళ్లజోడు సవరించుకుని వచ్చి కూర్చున్నారు.

"లాభం చూశారు సరే, రొక్కం చూశారా?" అన్నారు.

"రెండూ ఒకటి కాదా మామయ్యగారూ?" అంది కోడలు.

"బేగంబజారులో ఒక కొట్టు పెట్టావనుకో అమ్మా. ఈ ఏడాది పది లక్షల సరుకు అమ్మావు. కొన్న ధర పోను లక్ష లాభమని పుస్తకంలో రాసుకున్నావు. కానీ అందులో తొమ్మిది లక్షల సరుకు అరువు. అప్పు తీర్చమంటే వాళ్లు ఈ వారం, వచ్చే వారం అంటున్నారు. పుస్తకంలో లాభముంది, గల్లాపెట్టెలో మటుకు చిల్లర తప్ప ఏం లేదు. సాయంత్రం పాలవాడికి ఏం ఇస్తావు? లాభాన్ని నోటితో చెప్పొచ్చు. రొక్కాన్ని చేత్తో చూపించాలి."

కంపెనీలు ఏటేటా ఒక పుస్తకం వేస్తాయి, వార్షిక నివేదిక అని. పూర్వం పోస్టులో వచ్చేది, ఇప్పుడు ఫోన్లోనే చదువుకోవచ్చు. మొదటి పేజీల్లో ఛైర్మన్‌గారి నవ్వుముఖం, సూర్యోదయం బొమ్మలు, పచ్చని చెట్లు ఉంటాయి. ఆ పేజీలన్నీ దాటేసి వెనక్కి వెళ్లమన్నారు మావారు. అక్కడ మూడు పట్టికలుంటాయి. లాభనష్టాలది ఒకటి, ఆస్తులూ అప్పులదొకటి, నగదు రాకపోకలదొకటి. మొదటిది అందరూ చూస్తారు, మూడోది ఎవరూ తెరవరు. అసలు కథ ఆ మూడోదాంట్లోనే ఉంటుంది. ఆ తర్వాత చిన్న అక్షరాల వివరణలు. "చిన్న అక్షరాల్లో ఎందుకు వేస్తారనుకున్నావు? చదవొద్దని" అన్నారు.

మా కోడలి కంపెనీ మూడో పట్టిక తెరిచాం. మూడేళ్లలో మొత్తం 80 కోట్లు లాభం చూపించిన కంపెనీకి, వ్యాపారం మీద చేతికొచ్చిన రొక్కం సున్న కూడా కాదు, 40 కోట్లు ఎదురు పోయింది. రావలసిన బాకీలు రెట్టింపయ్యాయి. అప్పు 200 కోట్ల నుంచి 420 కోట్లయింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అదీ సంగతి. ఆఖర్న ఇంకో వివరం. యజమానులు తమ షేర్లలో నూటికి డెబ్బై వంతులు అప్పులవాళ్ల దగ్గర తాకట్టు పెట్టారు.

నాకు ఒళ్లు మండింది. "పుస్తెలు మార్వాడీ కొట్లో ఉన్న ఇంటికి పిల్లనిస్తామా?" అన్నాను.

"ఆ తాకట్టు సంగతి బయటికి చెప్పాలన్న నిబంధన వచ్చిందే మన హైదరాబాదు పుణ్యాన" అన్నారు మావారు. అని లోపలికెళ్లి ఒక పాత ఫైలు తెచ్చారు. అందులో 2009 జనవరి పేపరు కత్తిరింపులు, పసుపు రంగుకి తిరిగినవి. సత్యం కంప్యూటర్స్ కథ.

కోడలు అప్పటికి స్కూల్లో చదువుతోంది. అంచేత దానికి ఆ కథంతా చెప్పాల్సొచ్చింది. 1987లో పుట్టిన కంపెనీ. వేలాదిమంది మన పిల్లలకి ఉద్యోగాలిచ్చింది. సత్యంలో పనిచేస్తున్నాడంటే కట్నం రేటు మారిపోయేది. 2008 సెప్టెంబరులో కంపెనీని చక్కగా నడుపుతున్నందుకు గోల్డెన్ పీకాక్ అని విదేశంలో బహుమానం కూడా ఇచ్చారు. ఆ తర్వాత నాలుగు నెలలు తిరక్కుండా, 2009 జనవరి 7న, ఛైర్మన్ రామలింగరాజు తనే ఒక ఉత్తరం రాశారు. పుస్తకాల్లో 5,361 కోట్లు రొక్కం, బ్యాంకు నిల్వలు అని చూపించినదాంట్లో 5,040 కోట్లు లేనే లేవని. అంతకు ముందు మూడు నెలల కాలానికి నూటికి 24 వంతులు లాభమని చెప్పినది, నిజానికి 3 వంతులేనని. ఒక్కరోజులో షేరు సుమారు 179 రూపాయల నుంచి 40 దగ్గరికి పడిపోయింది.

"మరి ఎవరికీ తెలీలేదా మామయ్యగారూ? పెద్దపెద్ద ఆడిటర్లు ఉంటారుగా?"

"ఉన్నారు. బోర్డులో మహా మేధావులూ ఉన్నారు. బహుమానమిచ్చినవాళ్లూ ఉన్నారు. ఒకళ్లు చూశారు కదా అని ఇంకొకళ్లు ఊరుకున్నారు."

పూర్తిగా పట్టుకోవడం మనబోటివాళ్ల తరమయ్యేది కాదట. బ్యాంకు కాగితాలే దొంగవైతే ఇంట్లో కూర్చున్నవాళ్లకేం తెలుస్తుంది? కానీ కంచంలో అన్నం మెతుకులు కొన్ని పట్టి చూస్తే తెలిసేవి లేకపోలేదన్నారు మావారు. 2001లో యజమానుల వాటా నాలుగో వంతు దాకా ఉండేది. 2008కి వచ్చేసరికి పదో వంతు కన్నా తగ్గింది. అంత బంగారంలాంటి కంపెనీ అయితే సొంతవాళ్లే ఎందుకు వదిలించుకుంటున్నట్టు? ఇంకోటి, అయిదు వేల కోట్లు ఇంట్లో ఉన్నవాడు ఆ డబ్బుతో ఏం చేస్తున్నాడని అడగాలి. 2008 డిసెంబరు 16న దానికి జవాబొచ్చింది. ఆ డబ్బు పెట్టి తమ కుటుంబానికే చెందిన మేటాస్ అనే రెండు కంపెనీల్ని కొంటామన్నారు. సత్యం అన్న మాటని ఇంగ్లీషులో తిరగేస్తే మేటాస్. సత్యాన్ని తిరగేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? కంప్యూటర్ల కంపెనీకి ఇళ్ల స్థలాలెందుకని వాటాదారులు గోలపెడితే గంటల్లో వెనక్కి తగ్గారు. లేని రొక్కం స్థానంలో ఉన్న భూముల్ని చేర్చి లెక్క సరిచేద్దామన్న ఆఖరి ప్రయత్నం అదేనని తర్వాత ఆయన ఉత్తరంలోనే ఒప్పుకున్నారు.

ఆ కంపెనీలో పని నిజం, పిల్లల కష్టం నిజం. అందుకే ప్రభుత్వం కొత్త బోర్డుని వేసి నిలబెట్టగలిగింది. 2009 ఏప్రిల్లో టెక్ మహీంద్రావాళ్లు షేరుకి 58 రూపాయల చొప్పున వాటా కొని, 2013లో తమలో కలిపేసుకున్నారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో కలిపి పదిమందికి ఏడేళ్ల చొప్పున శిక్ష వేసింది. వాళ్లు అప్పీలుకి వెళ్లారు, అది వేరే కథ. 2009 జనవరిలోనే, యజమానులు తమ షేర్లు తాకట్టు పెడితే ఆ సంగతి బయటపెట్టి తీరాలని సెబీ నిబంధన పెట్టింది. మా కోడలు ఫోన్లో చూసిన ఆ డెబ్బై వంతుల లెక్క అందుకే కనబడింది.

"ఇదేం కొత్త జబ్బు కాదోయ్. 1886లో లండన్లో హైదరాబాద్ డెక్కన్ కంపెనీ అని పెట్టారు, మన సింగరేణి గనులకి మూలం అదే. దాని షేర్లు సాక్షాత్తూ నిజాం సర్కారే కొంది. ఆ అమ్మకం వెనక బేరం నడిపిన పెద్దమనుషుల సొంత లాభమే ఉందని గోలై, 1888లో లండన్ పార్లమెంటులో విచారణ దాకా వెళ్లింది. కొనేటప్పుడు అమ్మేదెవరు అని అడగలేదు, అంతే" అని మావారు ఫైలు మూసేశారు.

కోడలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మామయ్యగారంటే ఆడిటు. మీకివన్నీ ఎలా తెలుసు అత్తయ్యా?" అంది.

మావారు స్నానానికి లేచారు. నేను లేచి, మంచం కింద ట్రంకుపెట్టె లాగాను. అడుగున, నా పెళ్లి పట్టుచీర మడతల్లో ఒక కవరు. అందులో అయిదు కాగితాలు, ఒక్కొక్కటి వంద షేర్లు. అంచులకి ఆకుపచ్చ లతలు, మధ్యలో గులాబీ పువ్వు.

1994. షేర్లకి ఎంత ధర పెట్టాలో ఢిల్లీలో ప్రభుత్వ కార్యాలయం నిర్ణయించే పద్ధతి 1992లో పోయింది. ఇంక కంపెనీవాళ్లదే ఇష్టారాజ్యం. రోజుకో కొత్త కంపెనీ. అప్లికేషన్ ఫారాలు కోఠీలో, ఆబిడ్సులో కరపత్రాల్లా పంచేవాళ్లు. తెలిసినవాళ్లమ్మాయి ఒక ఫారం తెచ్చిచ్చింది. గులాబీలు పెంచి విమానాల్లో హాలెండుకి పంపించే కంపెనీ. పది రూపాయల షేరు ముప్ఫైకి. ఆ ఫారం మీది గులాబీలు ఎంత బావున్నాయంటే, వాసన వచ్చిందంటే నమ్మండి.

నా దగ్గర మా అమ్మ ఇచ్చిన నాలుగు గాజులుండేవి. నాలుగు తులాలు. "కష్టమొస్తే ఇవి నీకు తోడు, ఎవరికీ చెప్పి తియ్యక్కర్లేదు" అని అమ్మ నా చేతికి తొడిగింది. చార్‌కమాన్ దగ్గర అమ్మితే పదహారు వేల చిల్లర వచ్చింది. పదిహేను వేలు పెట్టి 500 షేర్లకి సంతకం చేశాను. ఏడాదిలో రెట్టింపవుతుంది, ఆ నాలుగూ కొని, ఇంకో రెండు చేయించి, ఆరు గాజులు తొడుక్కుని అందర్నీ ఆశ్చర్యపరుద్దామని.

మొదట 42 అయింది. పొంగిపోయి అమ్మలేదు. తర్వాత 12, 4, ఒకటిన్నర. ఆ తర్వాత పేపర్లో ధర వెయ్యడం మానేశారు. ఉత్తరం రాస్తే, చిరునామాలో ఎవరూ లేరని తిరిగొచ్చింది. అలా ప్రజల డబ్బు తీసుకుని మాయమైన కంపెనీలు ఆ రోజుల్లో రెండు వందలకి పైనే ఉన్నాయని తర్వాత ప్రభుత్వమే లెక్క తేల్చింది. 2019 ఏప్రిల్ నుంచి కాగితం షేర్లు చేతులు మారడం కూడా కుదరదు. అంచేత ఈ గులాబీలు ఇంక పెట్టెలోనే వాడాలి.

"మీకు అనుమానం రాలేదా అత్తయ్యా?"

వచ్చిందండీ! అదే చెప్పొచ్చేది. వచ్చింది. గులాబీలు దారిలో వాడిపోతే ఏం చేస్తారు? హాలెండువాళ్లకే బోలెడు పువ్వులుంటాయంటారే, మనవెందుకు కొంటారు? ఈ కంపెనీవాళ్లు ఇంతకు ముందు ఏం వ్యాపారం చేశారు? ఈ మూడు ప్రశ్నలూ నాకు ఆ రోజే తోచాయి. వంకాయ కొనే బుద్ధి ఎక్కడికి పోతుంది? కానీ అడగలేదు. అడిగితే, ఈవిడకి షేర్ల సంగతి ఏమీ తెలీదని ఆ అమ్మాయికి తెలిసిపోతుందని సిగ్గుపడ్డాను. వంకాయలావిడ దగ్గర లేని సిగ్గు, రంగు కాగితం దగ్గరొచ్చింది.

అమ్మ వచ్చినప్పుడల్లా నా చేతులకేసి చూసేది. "గాజులేవే?" అనేది. "లాకర్లో ఉన్నాయమ్మా, ఊళ్లో దొంగల భయం" అనేదాన్ని. ప్రతి సంక్రాంతికీ అదే ప్రశ్న, అదే జవాబు. 2003లో అమ్మ పోయింది. ఆసుపత్రిలో కూడా నా చెయ్యి పట్టుకుని మణికట్టు తడిమింది. లాకర్లోనే ఉన్నాయన్నాను.

కోడలు ఏమీ అనలేదు. ఆ కాగితాలు మళ్లీ మడిచి కవర్లో పెట్టింది. వెనక తలుపు దగ్గర దగ్గు వినబడింది. మావారు, భుజం మీద తువ్వాలుతో.

"ఆ కవరు నేనెప్పుడో చూశాను. ఇల్లు సున్నం వేయించినప్పుడు" అన్నారు.

"మరి ఎందుకు అడగలేదు?" అన్నాను, గొంతు పెగుల్చుకుని.

"అడిగితే నువ్వు బాధపడతావని."

ముప్ఫై నాలుగేళ్లు ఊళ్లోవాళ్ల లెక్కలన్నీ నిలదీసిన మనిషి, ఇంట్లో లెక్క ఒక్కటి అడగలేకపోయారు. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. "బావుంది! మీకూ ఆ సత్యం ఆడిటర్లకీ ఏమిటండీ తేడా?" అన్నాను. అడగడం మర్యాద కాదనుకునే ఇళ్లల్లోనూ, కంపెనీల్లోనూ పుచ్చు పట్టేది ఒకే చోట కాబోలు.

కోడలు ఆ పద్దెనిమిది రూపాయల షేరు కొనలేదు. రెండు లక్షల్లో లక్షా ఎనభై వేలు బ్యాంకులో వేసింది. ఇరవై వేలు పెట్టి, ఏం తయారుచేస్తుందో తనకి అర్థమయ్యే కంపెనీ, మన వంటింట్లోకి వచ్చే సరుకు చేసేదే, కొన్ని షేర్లు కొనుక్కుంది. కొనేముందు పదేళ్ల లెక్కలు చూసింది. రొక్కం చూసింది. అప్పు చూసింది. యజమానుల వాటా, తాకట్టు చూసింది. అన్నీ చూశాక కూడా ఇరవై వేలే ఎందుకంటే, అన్నీ చూసినా తెలియనిది కొంత మిగులుతుంది కనక. మహామహులు సత్యంలో చూడలేకపోయినది మనం చూసేస్తామన్న భ్రమ పనికిరాదు. పోయినా పిల్ల ఫీజు ఆగదు, ఇంట్లో పొయ్యి ఆరదు, అమ్మకి అబద్ధం చెప్పనక్కర్లేదు. అంత మటుకే పెట్టాలి.

ఇక్కడితో ఆపేస్తే నాకే గెలుపు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి గదా. మూడు నెలలు తిరిగేసరికి ఆ పద్దెనిమిది రూపాయల షేరు ఇరవై ఆరయింది. కోడలు ఫోను చూసి, నన్ను చూసింది. నేను పప్పు కవ్వం తిప్పుతూ ఉండిపోయాను.

"వాపు కూడా కొన్నాళ్లు బలుపులాగే కనబడుతుందే అమ్మాయ్" అన్నాను చివరికి.

"కావచ్చు అత్తయ్యా. కాకపోనూ వచ్చు" అంది నవ్వుతూ. "ఏదైతేనేం, నాకు రాత్రిళ్లు నిద్ర పడుతోంది."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ షేరు ఇప్పుడెంతుందో మేమెవరం చూడలేదు. కోడలు మాత్రం బజారుకి నాతోనే వచ్చేది. ఓరోజు వంకాయ చేతిలోకి తీసుకుని, తొడిమ చూసి, తిప్పి చూసి, బరువు చూస్తుంటే, తట్ట ముందున్నావిడ నాకేసి చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో రామా! ఇంకొకామెను గూడ తయారు జేసినవా అమ్మా!"